అప్పగింతలు

తాళాలు తరువాత ఇస్తాను, మారిసోల్.
ముందు ఆ మడత కుర్చీ లాక్కుని కూర్చో.
కాగితాల మీద సంతకం పెట్టగానే
నీదైపోయే రకం కాదు ఈ బండి.

ఇదిగో రసమట్టం, బొటనవేలంత.
ఫ్రిజ్ లోపలి గట్టు మీద పెట్టు.
బుడగ రెండు గీతల మధ్య కునుకు తీసేదాకా
చక్రాల కింద ఈ పసుపుపచ్చ దిమ్మెలు సర్దుతూనే ఉండు.
బండి ఒరిగితే ఫ్రిజ్ అలుగుతుంది.
అది అలిగితే నీ పాలు ఎండపాలు.

క్యాంపులో కరెంటు స్తంభం కనబడగానే
దాహమేసిన దూడలా పరిగెత్తకు.
ముందు ఈ చిన్న మీటరు గుచ్చి చూడు.
దీపాలు తప్పుగా వెలిగాయా,
మేనేజరుతో పోట్లాడు, చోటు మార్చు.
నేనొకసారి మొహమాటపడి ఊరుకున్నాను.
మైక్రోవేవ్ పోయింది,
లోపలున్న బంగాళాదుంప సూపుతో సహా.

కుళాయికి ఈ ఇత్తడి బుడిపె తప్పనిసరి.
కొన్ని ఊళ్ల నీళ్లకు కోపమెక్కువ,
గోడ లోపలి గొట్టాలు పగిలేదాకా తెలియదు.

ఇక ఎవరూ నోరెత్తని సంగతి.
నల్ల ట్యాంకు వాల్వు మూసే ఉంచు,
మూడొంతుల్లో రెండొంతులు నిండేదాకా.
తెరిచి వదిలేస్తే నీరు జారుకుంటుంది,
మిగతాది కాపురం పెడుతుంది.
ముందు అది వదులు, తరువాత సింకు నీళ్లు.
సబ్బు నురగ వెనకాలే వచ్చి గొట్టం కడిగిపోతుంది.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు.
ఇక్కడ తొక్కక తప్పదు.
అందుకే చేతి తొడుగులు, రెండు జతలు.
నవ్వకు. ఊరూరా తిరిగే నర్సువి,
నీకు నేను చెప్పాలా!

పైపులు నేలలోకి దిగే కంతల్లో ఇనుప పీచు కుక్కాను.
ఈ ఎడారి ఎలుకలు స్పాంజి కొరుకుతాయి, చెక్క కొరుకుతాయి,
దాన్ని మాత్రం కొరకవు.
గుడ్ల అల్మరాలో కర్టెను కడ్డీ అడ్డంగా బిగించాను, తీయకు.
గాలి లేస్తే ముందు గుడారపు నీడ చుట్టెయ్,
కాఫీ తరువాత తాగొచ్చు.

డాష్‌బోర్డు మీద అంకె నా చేతిరాత:
పదకొండడుగుల నాలుగంగుళాలు.
కొన్నప్పుడు ఇంకా ఎత్తుండేది.
అమరిల్లో దగ్గర ఒక వంతెన
ఆ తేడా తీసి దాచుకుంది, ఏసీతో పాటు.

అన్నిటికన్నా చవకది ఆఖర్న చూపిద్దామని ఆగాను.
చెక్క బట్టల క్లిప్పు.
మెట్టు బయటుంటే, యాంటెనా లేచుంటే,
గొట్టం ఇంకా కుళాయిని పట్టుకునుంటే
ఇది స్టీరింగుకి తగిలించు.
పని ముగించి దీన్ని తీసేదాకా
తాళం తిప్పనని నీకు నువ్వే మాటిచ్చుకో.
ఆ తరువాత కూడా ఒకసారి చుట్టూ నడువు.
ముప్పై ఒక్క ఏళ్లు మైనాట్ మంచులో
బడి బస్సు నడిపినదాన్ని.
రోజూ సాయంత్రం చివరి సీటుదాకా వెళ్లి చూసేదాన్ని,
ఎవరైనా నిద్రపోయి మిగిలారేమోనని.
ఒక్కసారే మిగిలాడు,
బూట్లు తడిసిన బుల్లి ఎలియాస్.
ఆ ఒక్కసారి చాలు, జీవితమంతా నడవడానికి.

నా కుడికన్నులో ఇప్పుడు దారి మధ్యలో
చిన్న మసక మచ్చ ఉంటోంది.
దానికి ఏ దుకాణంలోనూ పరికరం లేదు, అడిగాను.

సరే, తాళాలు పట్టు.
నా మేనల్లుడి కారు దుమ్ము లేపుకుంటూ వస్తోంది.
ఏమిటి, చొక్కా కాలరుకి క్లిప్పుందా?
ఉంటుంది. నీది స్టీరింగు మీద ఉంది,
ఇది నాది.
ఏదో ఒకటి లోపల పెట్టడం మరిచే ఉంటాను.
అతన్ని కాస్త ఆగమను, మారిసోల్,
ఒక్కసారి చుట్టూ నడిచొస్తాను.