బెండు ఊగని నీళ్లు

వారానికి ఆరు రోజులు నా పని అలలు చెయ్యడం.
తాటిపూడిలో ఇరవై సీట్ల మోటారు పడవ,
పిల్లలు ఈలలేస్తే ఇంకో మలుపు ఉచితం.
మలుపు తిప్పినప్పుడల్లా వెనక నీళ్లు రెండుగా చీలి
ఒక పాయ గట్టుకి పోతుంది,
ఒకటి దాలమ్మ తెప్పకి.

దాలమ్మ తిట్టదు.
గాలం పైకి లాగి ఒళ్లో పెట్టుకుని
తెప్ప ఊగడం మానేదాకా
నా వైపే చూస్తుంది.
తిట్టినా బాగుండును.

ఒకసారి రేవులో నేనే పలకరించాను.
"ఏటి మామ్మా, సేపలు పడ్డాయా?"
"పడ్డాయి బావూ. డీజిలు వోసనకి
పిల్లి కూడా మూతెట్టనేదు."

సోమవారం పడవకి సెలవు.
నాకూ ఒక పడవుంది, ఏడడుగులది,
మా బావమరిది గవిరేసు తలుపు చెక్కలతో చేసి తారు పూసింది.
దాన్ని మేజిక్ బండి నెత్తిన కట్టి
గజపతినగరం టీకొట్టు దగ్గర ఆగితే
"వరదలొస్తన్నాయేటి?" అని అందరూ నవ్వారు.

మడ్డువలస వెళ్లాను. గాలి.
తోటపల్లిలో ఆ రోజే లాకులెత్తారు,
నాగావళి నన్ను కూర్చోనివ్వలేదు.
పెద్దగెడ్డలో ఎవరిదో పెళ్లి ఫొటోలు,
నెత్తిన తుమ్మెదలాగ ఒక డ్రోను.
ఇంకోచోట, పేరు చెప్పను,
రాత్రి మందుగుండు వేశారట,
పరిగెపిల్లలు తెల్ల పొట్టలతో
గట్టు పొడుగునా.

ఆండ్రలో గొర్రెలు కాసే గుంటడు చెప్పాడు,
"ఆ రాతి దిబ్బ తిరిగెల్లు.
అటేపు నీళ్లు నిద్దరోతాయి, లేపకు."

తెడ్డు కూడా వెయ్యకుండా
చేత్తో నెట్టుకుంటూ వెళ్లాను.
కొండ తలకిందులుగా నీళ్లలో దిగి ఉంది,
దాని మీద మేకలు కూడా.
ఎర్ర గుచ్చి, గాలం వేసి, కూర్చున్నాను.

బెండు వణికింది.
లాగాను. ఏమీ లేదు.
మళ్లీ వణికింది. మళ్లీ ఏమీ లేదు.
మూడోసారికి తెలిసింది,
వణుకు నా మోకాలిది.
పదకొండేళ్లుగా ఇంజిను పక్కన కూర్చున్న కాలు,
సెలవు రోజున కూడా డ్యూటీలోనే ఉంది.
పలక మీంచి కాలు తీసి
నీళ్లలో వేలాడేశాను.

చాలాసేపు.
సీసాలో చోడి అంబలి సగం తాగాను.
లకుముకి ఒకటి వచ్చి, నన్ను చూసి,
దుంగ అనుకుందేమో, పడవ కొనమీదే కూర్చుంది.

అది దూకింది. నీళ్ల మీద ఒక సున్నా.
ఎందుకో లెక్కపెట్టడం మొదలెట్టాను,
ట్రిప్పులు లెక్కపెట్టే అలవాటు.
సున్నా పెరిగి, గట్టు తాకి, తిరిగొచ్చి,
ఇంకో సున్నాతో కలిసి,
పూర్తిగా పోయేసరికి
నూట తొంభై మూడు.

ఒక్క పిట్ట, అరచేతిలో పట్టేది.
దానికే నూట తొంభై మూడు.
నా పడవ ఇరవై మంది.
ట్రిప్పుకి నాలుగు మలుపులు.
ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పది నిమిషాలు.
లెక్క తేల్చకుండానే వదిలేశాను.

ఆ సాయంత్రం ఒక్క మట్టగిడస పడింది, జానెడు.
చేతిలో కాసేపు పట్టుకుని వదిలేశాను.
పుణ్యానికి కాదు,
ఒక్కదాని కోసం ఇంట్లో ఎవరూ మసాలా నూరరు.

మంగళవారం రెండో ట్రిప్పు.
దాలమ్మ తెప్ప ఇంకా బాగా దూరం ఉందనగా
ఇంజిను ఆపేశాను.
"చెడిపోయిందా?" అన్నారెవరో.
"లేదండి, జారుతోంది."
పిల్లలు ఈలలేశారు, తర్వాత ఆపేశారు.
ఒకాయన టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడిగాడు.
పడవ తన బరువుతో తానే
మెల్లగా, మెల్లగా
తెప్ప పక్కనుంచి పోతోంది.

ఎర్ర బెండు నిటారుగా ఉంది.
దాలమ్మ దాన్నే చూస్తోంది.
పదకొండేళ్లలో మొదటిసారి
నా వైపు చూడలేదు.