ఖాళీ స్లాట్లు

చిట్టీ ఎత్తిన పైసలు, డెబ్బై రెండు వేలు,
బ్యాగు లోపలి జిప్పుల పెట్టుకొని
ప్యారడైజ్ స్టేషన్ల దిగిన.
మే నెల. రోడ్డు మీది తారు
చెప్పును ఒక్క క్షణం పట్టి ఇడుస్తున్నది.

సీటీసీ మెట్ల మీద అట్టపెట్టెల గుట్ట.
నా చేతిల చీటీకి రెండు మొఖాలు:
ఒక దిక్కు బెండకాయ అర్ధకిలో, పుదీన, సబ్బు,
ఇంకో దిక్కు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కార్డు.
మూడు నెలల సంది రాసి, కొట్టేసి, మళ్లీ రాసి
మడత కాడ కాయితం చినిగింది.

మొదటి దుకాణమాయన అడిగిండు:
"బాబుకా మేడమ్? ఏ క్లాసు?"
"నాకే."
"ఆఫీసు పనికా?"
"ఆటకు."
మెడల ఏలాడే నా ఐడీ కార్డు దిక్కు చూసిండు.
రక్త పరీక్షల ల్యాబు, సీనియర్ టెక్నీషియన్.
ఏమనుకున్నడో, ఏడు రంగుల్ల ఎలిగే డబ్బా ముందట పెట్టిండు.
"చూడుండ్రి, ఎరుపు ఎంత మంచిగొస్తదో!"
పొద్దంతా నేను చూసేది ఎరుపే.
దండం పెట్టి పైకెక్కిన.

రెండో అంతస్తుల ముక్తార్ భాయ్
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
లగ్గం ఖర్చుల లెక్క చూసే మేనమామ లెక్క
చీటీ అంతా చదివిండు.
"కార్డు మీద ఇష్క్ ఎక్కువైందమ్మా.
సగం పైసలు దానికే పోస్తే
దానికి బువ్వ పెట్టేదెవరు?"
పవర్ సప్లై కాడ నేను రాసిన అంకెను
గోటితోని గీకిండు.
"ఏడు వందల యాభై వాట్లది తీస్కో.
రెండేండ్లకు నీకు ఆశ పెరుగుతది,
అప్పుడు ఇది చిన్నగయితది."

గంటన్నర కొట్లాడినం.
కార్డు ఒక మెట్టు దిగింది.
బోర్డు ఒక మెట్టు ఎక్కింది.
ఇంకో రెండు తరాల ప్రాసెసర్లు కూసునే సాకెట్టంట,
ఆయన మాట, నమ్మిన.
అద్దాల డబ్బా అందంగనే ఉన్నది గని
మా మౌలాలి గల్లీ దుమ్ముకు జాలి డబ్బానే నయం,
అది నా మాట, ఆయన నమ్మిండు.

ర్యామ్ కాడ ఇద్దరం ఆగినం.
ఎనిమిదివి రెండు పెడితే ఇయ్యాలనే ఉరుకుతది,
పదహారుది ఒక్కటి పెడితే
జోడీ లేక నడక కొంచెం మెల్లగయితది గని
పక్కన జాగ మిగులుతది.
"ఒక్కటే ఇయ్యి" అన్న.
బిగిస్తున్న పోరడు, భిక్షపతి, తల ఎత్తిండు.
"పక్కది ఖాళీగనే ఉంచాల్నా అక్కా?"
"ఉండనీ."
ముప్పై ఆరేండ్లు నిండినయి నాకు,
ఈ మాట శానమందికి చెప్పిన,
ఇంత తేలికగ ఎన్నడూ రాలే.

బిల్లు డెబ్బై ఒక్క వెయ్యి ఎనిమిది వందల యాభై.
మిగిలింది ఆటోకు చాలలే.
ముక్తార్ భాయ్ వంద తిరిగి చేతిల పెట్టి
"స్పీడ్ బ్రేకర్ల కాడ మెల్లగ పొమ్మను" అన్నడు,
బాలింతను ఇంటికి పంపుతున్నట్టు.

ఆటోల డబ్బా నా ఒళ్లె.
మెట్టుగూడ కాడ వాన చినుకులు మొదలైతే
చున్నీ తీసి దాని మీద కప్పిన.
నేను తడిసిన.

రాత్రి పదింటికి బటన్ నొక్కితే
ఏం లేదు. చీకటి. గుండె గుభేలుమన్నది.
పది నిమిషాలు వైర్లన్నీ తడిమిన,
వెనకాల స్విచ్చు ఎయ్యనే లే.
ఎసినంక ఫ్యాను
నిద్రల నుంచి లేసిన పిల్లి తీరు
ఒకసారి గుర్రుమని సల్లబడింది.

రెండో ఎస్‌ఎస్‌డీ ఎప్పుడన్న కొంటే బిగించేందుకు
నువ్వుగింజంత మర ఒకటి మిగిలింది.
బ్యాగుల దొరికిన కొత్త శాంపిల్ సీసల ఏసి
ఊదా మూత పెట్టి
అలవాటుగ లేబులు అంటించిన:
తారీఖు, టైము.
పేరు కాడ ఏం రాయాల్నో తోచలే.

తెర మీద మంచు కొండ తెరుచుకుంది.
అప్పుడు యాదికొచ్చింది,
పుదీన తేలేదు.