రేగు పూతకు ముందు

రుస్తాక్ వాదిల తెల్లారగట్ల నాలుగింటికే మా పని.
ఎండ గుట్ట దిగిందంటే
పెట్టె మూత ముట్టనియ్యదు.

ఖర్జూర మట్టల పందిరి కింద అరవై మూడు పెట్టెలు,
ఒక్కోదానికి ఒక్కో గుణం.
పదకొండోది శాంతం.
నలభయ్యోది మూత లేవట్టంగనే మొఖం మీదికొస్తది,
దానికి మేం పోలీసు టేషనని పేరు పెట్టినం.
పది దినాలాయె, అదేమంటలేదు.
గదే నాకు భయం.

పిల్లలున్న పట్టు తీసి
రాణి లేదని రెండుసార్లు చూసి
అర గిలాస ఈగల్ని సీసలకు దులిపిన.
మూడు వందలుంటయి, అటీటు.
రెండు చెంచాల చక్కెర పిండి, మీద జాలి మూత.
గిలక ఊపినట్టు మెల్లగ ఊపి
తెల్ల పళ్ళెంల నీళ్ళ మీదికి జల్లించిన.
చక్కెర కరిగింది.
గసగసాలంత ఎర్ర చుక్కలు మిగిలినయి,
కాళ్ళున్న చుక్కలు.

పదమూడు.

పిండి పూసుకున్న ఈగలు ఇల్లు చేరితే
అక్కచెల్లెండ్లు నాకి నాకి శుభ్రం చేసిన్రు.

"నల్లి" అన్న.
షఫీకుల్‌కు నా మాట రాదు గని పురుగు తెలుసు.
సోహార్ క్యాంపుల పైమంచం ఆయనది, కిందిది నాది,
ఇనుప సందులన్నీ నల్లులయి.
ఆ నల్లి వేరు, ఈ నల్లి వేరు.
అది నిద్రపోయినోన్ని తాగుతది.
ఇది పుట్టనోన్ని తాగుతది:
మైనం మూత పడకముందే గదిల దూరి
పిల్ల ఒంటికి అతుక్కుంటది,
బయటికొచ్చే నాటికి ఆ పిల్ల రెక్కలు
నలిగిన బీడీ ఆకులు.

"మన ఏజెంటు లెక్క" అన్నడు షఫీకుల్.
కాదు బై,
ఇది తమ్ముడా అని పిలువది.

అన్ని పెట్టెలల్ల మందు పట్టీలు వేలాడదీసినం.
నలభై రెండు దినాలు.
గోడకు బొగ్గుతోని గీతలు గీసిన.

ముప్పై ఒకటో గీత నాడు ఖల్ఫాన్ ముసలాయన
జీపు నిండ తేనె అరలు ఏసుకొచ్చిండు.
ఒడ్డు మీది సిద్ర్ చెట్టుకు మొగ్గ ఎక్కింది,
మా రేగుకు పెద్దన్న అది,
అదే ముల్లు, అదే మొండితనం.
ఈసారి తొందరపడ్డది.
"అరలు ఎక్కియ్యి" అన్నడు.
పట్టీలున్నయి, మందు తేనెల దిగుతదన్న.
"ఎవరికి తెలుస్తది?"

బోథ్ కాడ నేను పత్తి ఏసిన ఏడు
పూత మీద పొద్దుగాలనే మందు కొట్టిన.
పగటాల్లకు గట్టు పొడుగున ఈగలు
నూర్చిన కందుల లెక్క పడున్నయి.
అప్పుడు సుత ఎవరికీ తెల్వలే.
నాకే తెల్వలే.

ఇదంత చెప్పాలని ఉండె.
నాకొచ్చే అరబ్బీల పత్తి లేదు, పాపం లేదు.
పదకొండు దినాలని చూపిద్దామంటే
పదే వేళ్ళున్నయి.
షఫీకుల్ పక్కకొచ్చి
ఒక వేలు అప్పిచ్చిండు.

ముసలాయన మా పదకొండు వేళ్ళ దిక్కు చూసిండు,
చెట్టు దిక్కు చూసిండు.
సరే అనలే. కాదనలే.
అరలు దించకుంటనే జీపు తిప్పుకొని పోయిండు.
ఆ పదకొండు రాత్రులు
నౌకరి ఉన్నదో లేదో ఎరుకలేని నిద్ర.
తొలి పూత మా కండ్ల ముందటనే రాలిపోయింది.
ఎన్ని రియాల్లో లెక్క గట్టొద్దనుకున్న,
గట్టిన.

నలభై రెండో నాడు పట్టీలన్ని పీకి
ఫలజ్ కాల్వల మోచేతుల దాక కడుక్కొని
మళ్ళ సీస, మళ్ళ చక్కెర.
ఒక్కటి.
పళ్ళెం వంచి వంచి చూసిన, ఒక్కటే.

జీపు సప్పుడు ఇనవడ్డది.
నలభయ్యో పెట్టె మూత మంచిగ పెడ్దామని వంగితే
ఎడమ కనుబొమ్మ మీద దిగింది ముల్లు,
ఎనుకనే ఇంకోటి చెవికి.
కన్ను పూడిపోయేంత వాపు.
"టేషన్ తెరిసిన్రు!" అని నేను ఎగురుతుంటే
షఫీకుల్ పొగ డబ్బా పట్టుకొని ఉరికొచ్చిండు,
నవ్వుతుండు.
అరలు దించుకుంట ముసలాయన
నా మొఖం చూసి
ఏ పెట్టె అని అడిగిండు.