గడియ

పొద్దున నింపిన సీసా
సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది.
టాంకరు కాడ బిందెకు బిందె తాకించి,
నోటికి నోరిచ్చి పట్టిన నీళ్లు.
"తాగమంటే యాల మోసుకొస్తావే?"
రెండుసార్లు అరిచాను. ఒకసారి కొట్టాను.
అక్కులు ఉలకలేదు.
తలనొప్పి అంది. ఒంటికి పోతే మంట అంది.
లగ్గెరె ఆసుపత్రిలో డాక్టరమ్మ
"నీళ్లు బాగా తాగించు" అని చీటీ రాసింది.

బడి మీటింగుకు ఎన్నడూ పోనిదాన్ని,
ఒక వీధి ఊడ్చకుండా వదిలి
పని కోటుతోనే పోయాను.
మార్కులు చదువుతారనుకుంటే
నాగవేణి మిస్సు బల్ల మీద సీసాలు పేర్చింది.
మగపిల్లలవి ఖాళీ.
ఆడపిల్లలవి మూత తిప్పిన జాడ లేదు.
"యాకమ్మా?" కన్నడంలో అడిగింది.
తెలుగులో తలలు దించుకున్నాం.

రమీజా వాళ్ల అవ్వ లేచింది,
మోకాళ్లు పట్టుకుని, నేరుగా దొడ్డికి.
వెనకే మేమంతా.
తలుపుకు గడియ ఉండాల్సిన చోట
నాలుగు మేకుల చిల్లులు.

ఒకరు లోపలికి పోతే
ఒకరు తలుపు పట్టుకోవాలంట.
పట్టుకునే జత లేని పిల్ల
నీళ్లు ముట్టదంట.
నా బిడ్డకు ఈ నెలంతా జత లేదు.
జత విడిపోయిన సంగతి
సీసాకు తెలుసు, నాకు తెలీదు.

వెల్డింగు ఓబులేసు జానతో కొలిచాడు.
తలా ఇరవై వేశాం. ఇనుప సామాన్ల సేటు
పది తగ్గించి, పదిసార్లు చెప్పుకున్నాడు.
మరి కడిగేదెవరు అన్నప్పుడు
అందరి కళ్లూ నా కోటు మీదికొచ్చాయి.
"ఊరంతా ఊడ్చేది జీతానికి.
ఇక్కడ నేనూ ఒక తల్లినే. వంతులేయండి" అన్నాను.
గొంతు వణికింది, మాట వణకలేదు.
మిస్సు మొదటి వంతు తన పేరే రాసుకుంది.
రెండోది ఓబులేసు. అతను నవ్వలేదు.

ఆదివారం గడియ బిగించాక
అక్కులు లోపలికి పోయి చూసింది.
టక్కున పడింది.
గడియసేపు బయటికి రాలేదు.
పిలవబోయి ఊరుకున్నాను.

నిన్న సీసా సగం ఖాళీగా వచ్చింది.
మిగతా సగం సంగతేమిటో
అడగాలి.
అరవకుండా.