రంగు దిగిన నీళ్లు

మెహబూబ్ చౌక్ గడియారం కింద
ఒక్క జాలీ పెట్టెల ముప్పై పిట్టలు.
పచ్చవి, గులాబీవి, నారింజవి.
"ఆస్ట్రేలియా మాల్ అమ్మా" అన్నడు మస్తాన్‌మియా
నా మొకం దిక్కు చూడకుండ.
జత మూడొందలు.
ఒక్కటే ఇయ్యమంటే
ఒంటరిగుంటె చచ్చిపోతదని చెప్పి
ఒక్కటే ఇచ్చిండు, రెండొందలకు.
పైసలు అందుకుంటుంటె
అతని గోర్లల్ల పచ్చ, నా గోర్లల్ల నలుపు.
నేను పార్లర్ల జుట్టుకు రంగేస్త.
ఇద్దరం ఏమీ అడగలే.

చిల్లులు పొడిచిన మిఠాయి డబ్బాల
నా ఒళ్లె కూసోని అది బస్సెక్కింది.
మీర్‌పేట దాకా ఒకటే అదురు.
ఫోనేమో అని రెండుసార్లు చూసిన.

ఇంట్ల స్టీలు గిన్నెల నీళ్లు పెట్టిన,
తాగుతదనుకొని.
తానం చేసింది.
తల ముంచి, తోక ముంచి, రెక్కలు కొట్టి
పెండ్లికి పోయేదాని లెక్క.
నీళ్లు పచ్చగైనయి,
హోలీ తెల్లారి బకెట్ల మిగిలిన నీళ్లు.
రెండోనాడు లేతపచ్చ.
మూడోనాడు మా బోరునీళ్ల రంగే.

అప్పుడు కనవడ్డది.
మట్టిరంగు వీపు, తెల్లటి పొట్ట, నల్లతోక,
ముక్కు మాత్రం అరిగిన పట్టీల వెండి.
జీనువాయి!
చిన్నప్పుడు సజ్జచేన్ల డబ్బా కొట్టి
అరిచి అరిచి గొంతు పోయేదాక
నేను తరిమిన పిట్ట.
అరచేతిల పెట్టుకున్న. తులం తూగుతదేమో,
గిరివి పెట్టిన నా గొలుసంత.
కొర్రగింజ ముక్కున పట్టి, పొట్టు ఒలిచి
గింజ తను మింగి
పొట్టు నా చీర మీద రాల్చింది.

ఐతారం తుక్కుగూడ అవతల
ఇంకా ఇండ్లు లేవని హద్దురాళ్లకు తెలుసు,
గడ్డికీ తెలుసు.
డబ్బా మూత తీసిన.
అది ఎల్లలే.
మూలకు జరిగి నన్నే చూసింది,
బస్సు ఇంకా ఆగలేదన్నట్టు.
ఎండ నెత్తికెక్కింది. నాకూ దూప.
తుమ్మచెట్టు మీదికెల్లి ఎవరో
చిట్ చిట్ చిట్ అని సన్నగ పిలిచిండ్రు.
డబ్బా తేలికైంది.

గడ్డికంకులన్నీ ఒక్కతీరుగ ఊగినయి.
ఏ ఊపు గాలిది, ఏ ఊపు తులం బరువుది
నాకు తెల్వలే.

సోమవారం
కుర్చీల కూసున్న మొదటామెకు
దువ్వెనతో పాయ తీసి, ఆగి,
"గీ తెలుపు మీకు మంచిగున్నదమ్మా" అన్న.
అద్దంల నుంచి
ఆమె చూసింది. కౌంటరు కాడ ఓనరూ చూసింది.

బ్రష్షు అందుకున్న.
గిన్నెల నలుపు కలుపుతుంటె
నా కొంగు మడతల నుంచి
ఒక కొర్రపొట్టు జారి పడ్డది.