నీ వంతు

కాంటా గదిల రాత్రి డ్యూటీ నాది.
మిర్యాలగూడ దాటినంక వేములపల్లి రోడ్డు పొంటి
వడ్ల ట్రాక్టర్లు, లారీలు,
తోక ఎక్కడున్నదో కానరాని వరుస.
టోకెన్ నూట నలభై ఒకటి నడుస్తున్నది.

అంచు పగిలిన ఫోన్ల
నాదొక యుద్ధం నడుస్తున్నది.
గడులు గడులుగ నేల.
ఆరుగురు నా దిక్కు, తొమ్మిదిమంది ఆ దిక్కు.
నేను కదిలిస్తె తప్ప ఎవ్వరు కదలరు.
అడుగున రెండే మాటలు: నీ వంతు.

లారీ ఎక్కుతది. తూకం కొడ్త, చిట్టీ చింపిస్త.
తిరిగొచ్చి చూస్తె
ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంటది.
శత్రువు సుత మర్యాదస్తుడు,
నేను చాయ్ తాగొచ్చేదాక గోడ చాటున కూసుంటడు.
చిట్టీలోడు ఒక్క దినం ఆగిండా అట్ల?

మేనల్లుడు మణిదీప్ నవ్వుతడు.
వాని ఆటల వందమంది ఒక్కపారే దుంకుతరు,
రెప్పకొడితె సచ్చినట్టే.
"ముసలోల్ల ఆట మామా ఇది,
ఇంకో అయిదేండ్లకు ఎవడాడుతడు?"
నేనేం అనలే. నిజమే కావచ్చు.

ఈ ఆటల దెబ్బకు ముందే లెక్క చెప్తరు.
తగిలే అవకాశం: తొంభై అయిదు.
కొడ్త.
తప్పుతది.
మణిదీప్ అయితె ఫోను ఇసిరేసెటోడు.
నాకు కొత్తగాదు.
మా దేవరకొండ చెలకల
అరచేతిల టెంకాయ నిలవెట్టినాయన
నూటికి తొంభై అయిదు నీళ్లే అన్నడు.
మూడొందల యాభై అడుగులు, తెల్ల దుమ్ము.
రిగ్గు బండి మలుపు తిరిగేదాక నిలవడి
నాయిన అన్నడు: "ఆ మూలకు ఇంకోటి ఏద్దాం."
పిచ్చి అనుకున్న అప్పుడు.
ఇప్పుడైతె
అది తర్వాతి ఎత్తు అనిపిస్తది. పిచ్చి కూడ కావచ్చు.

నా మనుషులకు పేర్లు పెట్టుకున్న.
బల్లెం సైదులు, మా హమాలీ.
బాణాలు పారిజాత, తేమ మిషన్ కాడ కూసునే పిల్ల.
డాలు పట్టినోడు బిక్షం;
బస్తా కింద నడుము ఇరిగినంక పనికి వస్తలేడు.
ఈ ఆటల సచ్చినోడు మళ్ల లేవడు.
అందుకే బిక్షాన్ని ముందు వరుసల పెట్ట.
గెలిచేటోడు చేసే పని గాదది. తెలుసు.

కాంటా అంచున సిమెంటు పచ్చిగున్నప్పుడే
ఎవరో మేస్త్రీలు గీసిపోయిన పులిమేక గీతలున్నయి.
హాలియా సత్తార్ భాయ్
వంతు రాని రాత్రి అక్కడ కూసుంటడు.
పదిహేను బీడీ ముక్కలు మేకలు,
మూడు కంకరరాళ్లు పులులు.
ఎత్తుకూ ఎత్తుకూ నడుమ ఇంకో మేక కాలుతుంటది.
ఆయనకు నా ఫోను చూపిచ్చిన.
చానసేపు చూసి, అద్దాలు పైకి జరిపి,
"పులికి తొందరెక్కువైతె మేకలు గెలుస్తయి.
గంతే గద ఇది గూడ" అన్నడు.

రేపు ఉంటయా ఈ ఆటలు?
ఎన్నడన్న రైలుగేటు పడకుంట ఉంటదా,
దవాఖాన బెంచీ ఖాళీ అయితదా?
ఆగుడు మనకు తప్పేది గాదు.
ఆగినప్పుడు తలకాయల ఏం చెయ్యాల్నో
ఎవడో ఒకడు ఎక్కడనో
గడులు గీసి ఇస్తనే ఉంటడు అనుకుంట.
మణిదీప్‌కు ఇది చెప్పలే,
ఆడు చెవులల్ల అవి పెట్టుకొని ఉన్నడు.

మూడు కొట్టింది.
తిప్పర్తి రైతు దోసిట్ల వడ్లు పట్టుకొచ్చిండు.
పారిజాత మిషన్‌ల పోసింది: పద్దెనిమిది.
పదిహేడు దాటితె వాపస్.
"ఇంకొక్కపారి చూడు బిడ్డా,
అడుగు బస్తాలయి తీసిన, మీదియి ఆరినయి."
ఆమె నా దిక్కు చూసింది. నేనేం అధికారిని గాదు.

ఫోన్ల సైదులు గోడ అంచుకున్నడు,
తగిలే అవకాశం అరవై రెండు.
పారిజాత గిన్నె దులిపి, మీది బస్తాల చెయ్యిపెట్టి
కొత్త గింజలు తీసింది.
వేలు గాలిలనే ఆపిన.
ముందు ఆమె నంబరు రానీ.