మూడో వరుస దగ్గు

ఆదివారం మా మందిరంలో
ఆడవాళ్ళ వైపు మూడో వరుస
పాటకంటే ముందు దగ్గు అందుకుంటుంది.
పాస్టరమ్మ మా వైపు చూసి నవ్వి
ఫ్యాను ఆపమంటుంది.
ఫ్యానుదేం తప్పు లేదమ్మా,
వారమంతా తేజ మిర్చికి ముచ్చికలు తీసిన చీరలు
ఎన్ని నీళ్ళలో జాడించినా
చప్పట్లు కొట్టగానే ఘాటు లేస్తుంది.

నా పక్కన దీనమ్మ.
నత్తి మనిషి.
'స' దగ్గర ఆగిపోతుంది మాట.
ఆమె ఒక్క స్తోత్రం అనేలోపు
నేను ప్రార్థన ముగించి
చెప్పులెక్కడ విడిచానో కూడా గుర్తు చేసుకుంటాను.
పాటలో మాత్రం నత్తి ఉండదు.
ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

జనవరి చలి.
ముందురోజు కాటా దగ్గర
మస్తాన్‌బీ బుట్ట పదకొండు కిలోలు తూగితే
తొమ్మిదని రాశాడు గుమస్తా.
అందరం చూశాం.
దీనమ్మ ఒక్కతే ముల్లు వైపు వేలు పెట్టి
"స... స... సరిగ్గా రాయండి" అంది.
ఆ 'స' పూర్తయ్యేదాకా
గోదామంతా చేతులాపి వింది.
సరిగ్గా రాయలేదు.
రేపట్నుంచి రావద్దన్నాడు.

తెల్లారి ఏటుకూరు రోడ్డు మీద
చిరిగిన గోతాలు రాజేసుకుని
చలి కాచుకుంటున్నాం. మంట దగ్గరికొచ్చాడు.
"నత్తిది మీ చర్చేగా?"
చాలామంది వస్తారండీ.
"నీ పక్కనే కూర్చుంటుందటగా?"
ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడండీ.
"దానికి నువ్వే నేర్పావంటున్నారు?"
ఆవిడెవరో నాకు సరిగ్గా తెలియదండీ.

కోడి కూయలేదు.
యార్డు వైపు మలుపు తిరుగుతూ
టిక్కీల లారీ హారన్ కొట్టింది.
ఆ జాలరి చలి కాచుకున్న మంట గురించి
ఎన్ని ప్రసంగాలు విన్నానో.
పాపం, పిరికివాడు అనుకునేదాన్ని.
మిరప చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.
మా పనిలో అదొక్కటి సుఖం,
ఏడుపుకి కారణం ఎవరూ అడగరు.

శనివారం పొద్దుగూకాక సంగడిగుంట వెళ్ళాను.
దారంతా క్షమాపణ పేర్చుకున్నాను,
వాళ్ళ సందు మొదట్లోనే కూలిపోయింది.
గుమ్మం బయట కుంపటి మీద
ఎండుచేప కాలుస్తోంది దీనమ్మ.
ఎవరో చెప్పే ఉంటారు.
తలెత్తి చూసి "తిన్నావా?" అంది.
తిన్నానన్నాను.
చేప తిరగేసి మళ్ళీ, "తిన్నావా?"
ఊఁ అన్నాను.
మూడోసారి పేరు పెట్టి అడగబోయింది.
"స... స..."
ఎప్పటిలా నేను అందించలేదు.
నా పేరు పూర్తయ్యేదాకా నిలబడ్డాను.
"సలోమీ, తిన్నావా?"
లేదు. నిన్నట్నుంచీ లేదు.
పీట జరిపింది.
ముల్లు తీసి పెట్టింది.

సోమవారం కాటా దగ్గరికి వెళ్ళాను.
మోకాళ్ళు నావి కావు.
వేలు చూపించాను గానీ
మాట రాలేదు. నాకూ నత్తి వచ్చింది.
వెనక నుంచి మస్తాన్‌బీ
బుట్ట దించిన చప్పుడు.
ఆ వెనక ఇంకో బుట్ట.

గెలిచామని చెప్పను.
ఏడుగురం ఇప్పుడు నల్లపాడు దగ్గర
వేరే గోదాంలో తీస్తున్నాం, దీనమ్మతో కలిపి.
కిలోకు రూపాయి తక్కువ.
కాటా మాత్రం మా వైపు తిప్పి ఉంటుంది.
మస్తాన్‌బీ తన దువాలో
మా ఇద్దరి పేర్లూ చెబుతుందట.
ఆమె మోకాలి నొప్పి
మా ప్రార్థన చీటీలో ఉంది,
కిందటివారం రాసింది కొట్టేయలేదు ఇంకా.

ఆదివారం పాస్టరమ్మ
అందరూ స్తోత్రం చెప్పండి అంటుంది.
మందిరమంతా ఒక్కసారే చెప్పేసి
కూర్చుంటుంది.
దీనమ్మ ఇంకా 'స' దగ్గరే ఉంటుంది.
నేనూ అక్కడే ఆగుతాను,
దగ్గుకుంటూ.